1719 నాటి హాన్స్ హెర్ రాతి ఇంట్లో పొగగొట్టం నట్టనడుమ ఎందుకుంది?

రెండు గదుల్నీ ఒకే నిప్పుతో వెచ్చగా ఉంచడానికి. ఇది అమెరికాలోని పెన్సిల్వేనియా, లాంకస్టర్ కౌంటీలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఇళ్లలో అతి పాతది. అక్కడికి 1710లో వచ్చి స్థిరపడిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులది (మన మహబూబ్‌నగర్ వైపు చర్చిల ద్వారా ఈ పేరు వినే ఉంటారు). పేరు హాన్స్‌దే గాని, కట్టించింది కొడుకు క్రిస్టియన్. గుమ్మం పైరాతి మీద 1719, అతని పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. ప్రార్థనలకూ ఇక్కడే కూడేవారు.

గుమ్మం దాటితే నేరుగా వంటగది, పెద్ద పొయ్యి. ఆ పొయ్యి వెనక గోడకు అవతల కూర్చునే గది. గోడలోంచి ఆ గదిలోకి పొడుచుకొచ్చినట్టు అయిదు ఇనప పలకల పెట్టె ఉంటుంది. దాని తెరిచిన నోరు వంటగది వైపు. నిప్పులు అటునుంచే వేస్తారు, పొగా అటే తిరిగొచ్చి పొగగొట్టం ఎక్కుతుంది. కూర్చునే గదికి వేడి మాత్రమే! జర్మన్ పల్లెల పద్ధతి ఇది. తర్వాత ఇంగ్లీషు పద్ధతి పాకాక పొగగొట్టాలు ఇంటి రెండు చివరలకూ జరిగాయి, కిటికీలు వరస కట్టాయి. ఇక్కడ మాత్రం గుమ్మం ఓ పక్కకి, కిటికీలు చిన్నవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. లోపలి గదులను బట్టి పెట్టినవే.

గోడలు ఇసుకరాయివి. ఇలాంటి పాత గోడల్లో సున్నం రాలితే సిమెంటుతో సందులు పూడ్చకూడదు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల నిలిచిన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బితే రాతి ముఖమే పెచ్చులూడుతుంది. సున్నమే వాడాలి.