కథ రాసింది ఒకరు, మెయిల్‌లో పేరు ఇంకొకరిది

ప్రశ్న: టీచర్లం కొందరం కలిసి వర్డ్‌ప్రెస్‌లో పిల్లల కథల వెబ్‌సైట్ నడుపుతున్నాం. కథలు వచ్చాక నేను అచ్చుతప్పులు దిద్ది పబ్లిష్ నొక్కుతాను, వెంటనే సభ్యులందరికీ 'ఫలానావారి కొత్త కథ' అని మెయిల్ వెళ్తుంది. కానీ ప్రతి మెయిల్‌లోనూ నా పేరే వస్తోంది! సైట్‌లో మాత్రం రచయిత పేరు సరిగ్గానే ఉంది. ఆదివారానికి షెడ్యూల్ చేసిన కథలకైతే పేరు ఉండాల్సిన చోట ఖాళీ. రాసినవాళ్లు నన్ను అపార్థం చేసుకుంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. మెయిల్ కోడ్ రాసిచ్చిన అబ్బాయి ఇప్పుడు అందుబాటులో లేడు. ఇంకో సందేహం, మెయిల్ పంపినవారి దగ్గర కూడా రచయిత పేరు, వాళ్ల జీమెయిల్ అడ్రసు పెట్టొచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: చేత్తో నొక్కితే మీ పేరు, షెడ్యూల్ చేస్తే ఖాళీ. ఈ రెండూ కలిపి చూస్తే తప్పు మెయిల్ కోడ్‌లోనే ఉందని దాదాపు ఖాయం. ఆ కోడ్ 'ఈ కథ ఎవరిది' అని అడగడం లేదు, 'ఇప్పుడు లాగిన్ అయి ఉన్నది ఎవరు' అని అడుగుతోంది. పబ్లిష్ నొక్కేటప్పుడు లాగిన్ అయి ఉండేది మీరే కదా, అందుకే మీ పేరు. షెడ్యూల్ చేసిన కథను ఆ టైముకి ఎవరూ నొక్కరు, సైట్‌కి ఎవరో ఒకరు వచ్చినప్పుడు వర్డ్‌ప్రెస్‌లోని క్రాన్ అనే ఏర్పాటు లేచి, టైం దాటిన పనులన్నీ చేసేస్తుంది, అప్పుడు లాగిన్ అయిన మనిషే ఉండరు కాబట్టి పేరూ ఉండదు.

కోడ్ జోలికి వెళ్లే ముందు ఒకటి చూడండి. డ్యాష్‌బోర్డ్‌లో ఆల్ పోస్ట్స్ తెరిస్తే ఆథర్ అనే వరస కనిపిస్తుంది, అక్కడ ఎవరి పేరుంది? టీచర్లు వాట్సాప్‌లో పంపిన కథను మీరే పేస్ట్ చేసి, కింద వాళ్ల పేరు టైప్ చేస్తున్నట్లయితే, చదివేవాళ్లకు అంతా సరిగ్గానే కనిపిస్తుంది గానీ డేటాబేస్‌లో రచయిత మీరే, అలాంటప్పుడు కోడ్ ఎంత సరిచేసినా మళ్లీ మీ పేరే వస్తుంది. టీచర్లకు కాంట్రిబ్యూటర్ హోదాతో అకౌంట్లు ఇవ్వండి, వాళ్లే రాసి రివ్యూకి పంపుతారు, పబ్లిష్ చేసే అధికారం మీ దగ్గరే ఉంటుంది. సబ్‌స్క్రైబర్ హోదా ఇస్తే మాత్రం ఆథర్‌ను మార్చే జాబితాలో వాళ్ల పేరు రాదు.

ఇక కోడ్. అది థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్‌లోనో, స్నిపెట్ల ప్లగిన్‌లోనో (చిన్న కోడ్ ముక్కలను సైట్‌కి చేర్చే అదనపు సాఫ్ట్‌వేర్) ఉంటుంది. ముందు కాపీ తీసి పెట్టుకోండి, ఒక్క సెమీకోలన్ పోయినా సైట్ మొత్తం ఆగిపోవచ్చు. అందులో 'కరెంట్ యూజర్' (current_user) అనే మాట వెతకండి. ఆ చోట, పబ్లిష్ అయిన పోస్ట్‌లోని పోస్ట్ ఆథర్ నంబర్ తీసుకుని, ఆ నంబర్‌కు ఉన్న డిస్‌ప్లే నేమ్ తెచ్చేలా మార్చాలి. వర్డ్‌ప్రెస్ తెలిసిన ఎవరికైనా నాలుగు లైన్ల పని, పై వాక్యాన్ని యథాతథంగా చూపించండి. నంబర్ ఇవ్వకుండా ఊరికే 'గెట్ ద ఆథర్' (get_the_author) అని రాస్తే ఒప్పుకోకండి, అది పేజీలో కథ చూపించేటప్పుడు పనిచేస్తుంది గానీ మెయిల్ పంపేటప్పుడు ఖాళీగానో, వేరే రచయిత పేరుతోనో రావచ్చు.

మార్చాక, మెయిల్ జాబితాలో మీ అడ్రసొక్కటే ఉంచి, ఒక టీచర్ అకౌంట్ నుంచి రాసిన కథను చేత్తో ఒకసారి, షెడ్యూల్ పెట్టి ఇంకోసారి పబ్లిష్ చేసి చూడండి. రెండూ సరిగ్గా రావాలి, ఒకటి చూసి వదిలేయొద్దు.

వెళ్లిపోయిన మెయిళ్లను వెనక్కి తేలేం. ఏ కథ ఎవరిదో లింకులతో సహా రాసి సభ్యులందరికీ ఒక సవరణ మెయిల్ పంపండి, ఇది తప్పకుండా చేయాలి. సాయంత్రాలు కూర్చుని పిల్లల కోసం రాసినవాళ్లకు తమ పేరు కనబడటం చాలా పెద్ద విషయం.

మీ రెండో సందేహానికి: పేరు పెట్టొచ్చు, జీమెయిల్ అడ్రసు వద్దు. జీమెయిల్ పేరుతో మీ సర్వర్ నుంచి మెయిల్ వెళ్తే అందుకునేవైపు దాన్ని అనుమానించి స్పామ్‌లో పడేసే ప్రమాదం ఉంది. పంపే అడ్రసు మీ సైట్ డొమైన్‌దే ఉంచి, రచయిత అడ్రసును వాళ్ల అనుమతితో రిప్లై-టు దగ్గర పెట్టండి, ఎవరైనా జవాబిస్తే నేరుగా వాళ్లకే చేరుతుంది.