బంతి ఒక్కటే, వేగాలు రెండా?

ప్రశ్న: మేడమ్, మాది కాకినాడ. బీటెక్ మూడో ఏడు. మినీ ప్రాజెక్టు కోసం ఆటలు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్‌లో, బ్లూప్రింట్‌తో (కోడ్ రాయకుండా నోడ్లను తీగలతో కలిపే పద్ధతి) ఒక బంతిని 5 మీటర్ల ఎత్తు నుంచి వదిలి వేగం కొలుస్తున్నాను. ప్రతి ఫ్రేముకు ఒకసారి నడిచే ఈవెంట్ టిక్‌లో బంతి ఎంత కదిలిందో తీసుకుని డెల్టా సెకండ్స్‌తో, అంటే ఆ ఫ్రేముకు పట్టిన కాలంతో భాగిస్తే, నేల తాకే ముందు సెకనుకు 465 సెంటీమీటర్ల దాకా వస్తోంది. వేగం చెప్పే గెట్ వెలాసిటీ నోడ్ మాత్రం 930 అంటోంది. మా ఫ్రెండ్ లాప్‌టాప్‌లో రెండూ దాదాపు ఒకటే. వచ్చే వారం వైవా. టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: మీ లాప్‌టాప్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో మీరు రాయలేదు. నేను చెప్పనా? పదిహేనుకు అటూ ఇటూ. కావాలంటే ఆట నడుస్తుండగా కన్సోల్ తెరిచి "స్టాట్ ఎఫ్‌పీఎస్" కొట్టి చూడండి.

ఎలా తెలిసిందంటే, మీ రెండో అంకె మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫిజిక్స్ కింద "మ్యాక్స్ ఫిజిక్స్ డెల్టా టైమ్" అని ఒకటి ఉంటుంది. మనం ముట్టుకోకపోతే అది 0.0333 సెకన్లు. ఫ్రేము ఎంత ఆలస్యమైనా ఫిజిక్స్ లెక్క అంతకు మించి ముందుకు జరగదు. మీ దగ్గర ఒక్కో ఫ్రేముకు 0.0667 సెకన్లు పడుతోంది. బంతి అందులో సగం కాలానికి సరిపడా మాత్రమే పడుతోంది, మీరేమో మొత్తం కాలంతో భాగిస్తున్నారు. గెట్ వెలాసిటీ చెప్పేది ఫిజిక్స్ తన లెక్కలో ఉంచుకున్న వేగం. రెండూ అబద్ధం కావు. కానీ ఆడేవాడి కంటికి కనిపించేది 465. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, సెకను లోపే పడాల్సిన బంతి దాదాపు రెండు సెకన్లు తీసుకుంటుంది.

మందు అక్కడే ఉంది. అదే పేజీలో "సబ్‌స్టెప్పింగ్" ఆన్ చేయండి; ఒక్కో ఫ్రేము కాలాన్ని చిన్న ముక్కలుగా చేసి ఫిజిక్స్ లెక్క నడుపుతుంది. గరిష్ఠంగా 6 ముక్కలు, ఒక్కోటి 0.016667 సెకన్లు అని ముందే ఉంటుంది. మీ ఫ్రేముకు నాలుగు ముక్కలు చాలు. వైవాలో మార్కులు తెచ్చేది మాత్రం ఇంకొకటి. మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో సబ్‌స్టెప్పింగ్ లేకుండా కన్సోల్‌లో "టి.మ్యాక్స్‌ఎఫ్‌పీఎస్ 15" అని కొట్టి సెకనుకు 15 ఫ్రేములు దాటకుండా కట్టేయండి. అదే జబ్బు అక్కడా పుడుతుంది. జబ్బును కావాలని తెప్పించి మరీ చూపించినవాడిని ఏ ఎగ్జామినరూ ఎక్కువ ప్రశ్నలు అడగడు.

ఇంకో మాట. 5 మీటర్లంటే 990 రావాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. అన్‌రియల్‌లో కొలత సెంటీమీటర్లలో, గురుత్వం 980. ఆ లెక్కన 990 నిజమే. కానీ ఇంజిన్‌తో వచ్చే గోళం వ్యాసం 100 సెంటీమీటర్లు, లొకేషన్ దాని మధ్య బిందువుది. కేంద్రం 500 ఎత్తులో ఉంటే అడుగు భాగం 450 లోనే ఉంటుంది. కాబట్టి రావాల్సింది 939. మీ 930 మంచి అంకె; నేల తాకే ముందు ఆఖరి టిక్ కొంచెం పైనే పడి ఉంటుంది.

బంతి దేన్నైనా తాకినప్పుడు మోగే హిట్ ఈవెంట్‌లో వేగం చదివితే ఎగిరి లేచే వేగం రావొచ్చు. అందుకే ప్రతి టిక్‌లో వేగాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని, తాకిన క్షణాన ఆ పాతదాన్ని చూపించండి. ముందు ఒక డూ వన్స్ నోడ్ (ఒక్కసారే దాటనిచ్చేది) పెట్టండి, లేకపోతే బంతి దొర్లినంతసేపూ ఈవెంట్ మోగుతూనే ఉంటుంది.

నేనూ తక్కువ తినలేదు. మొదటిసారి ఇలా కొలిచినప్పుడు బంతి కళ్లముందే పడిపోతోంది, యాక్టర్ (ఆటలో పెట్టిన వస్తువు) ఎక్కడుందో చెప్పే గెట్ యాక్టర్ లొకేషన్ మాత్రం 500 దగ్గరే కూర్చుంది. తీగలన్నీ పీకి మళ్లీ కలిపాను. సాయంత్రానికి తెలిసింది: గోళాన్ని రూట్‌గా, అంటే యాక్టర్ స్థానాన్ని నిర్ణయించే మూల భాగంగా పెట్టకుండా డిఫాల్ట్ రూట్ కింద వదిలేశాను. సిమ్యులేట్ ఫిజిక్స్ ఆన్ చేయగానే గోళం తెంచుకుని వెళ్లిపోయింది, యాక్టర్ ఉన్నచోటే ఉండిపోయింది. మీ బంతిలో ఆ బాధ లేదని మీ అంకెలే చెబుతున్నాయి.