మేనకోడలికి, బాలల దినోత్సవం పని గురించి

పర్లాకిమిడి

అమ్మడూ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నాకు నవ్వు ఆగడం లేదు. టీచరు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, నవంబరు 14 పనంతా నీ నెత్తిన పెట్టేశారా! కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పని తగలడం మా రోజుల నుంచీ ఉన్నదే. టెన్షన్ పడకు. ఫోనులో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. మన ఒడిశా బడుల్లో పిల్లలకి పెట్టే సురభి పోటీలు వేరు, ఈ పండగ వేరు. సురభికి స్కూల్లో నెగ్గినవాళ్ళని బ్లాకుకీ, అక్కణ్ణుంచి జిల్లాకీ పంపాలి కాబట్టి బాగా పాడేవాళ్ళనీ, బాగా మాట్లాడేవాళ్ళనీ ఏరక తప్పదు. ఆ ఏరుడు పని ముందే ఇంకో రోజు క్లాసురూములో కానిచ్చెయ్. రెండూ కలిపావంటే ఆరుగురు పిల్లలు ప్రైజులన్నీ మోసుకుపోతారు, మిగతావాళ్ళు ఎండలో కూర్చుని చప్పట్లు కొడతారు. నేను మొదటి ఐదేళ్ళూ అలాగే చేశాను. గొప్పగా చేశాననుకున్నాను కూడా.

పిల్లల్లో ఏముందో క్లాసులో అడిగితే తెలియదు. "ఎవరికి పాట వచ్చు?" అంటే ఎప్పుడూ లేచే చేతులే లేస్తాయి. ఒక వారం రోజులు బోరింగు దగ్గర, భోజనాల వరసలో, బడి వదిలాక దారిలో చూడు. బొప్పాయి కాడతో బూర చేసేవాడు ఉంటాడు. తాటి బుర్రలతో బండి కట్టి, ఇరుసు అరగకుండా ఏం చెయ్యాలో తెలిసినవాడు ఉంటాడు. గుణుపురం బస్సు కండక్టరులా అరిచేవాడు ప్రతి బళ్ళోనూ ఒకడుంటాడు. పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే ఇంటి పిల్లాడు నా దగ్గర చదివేవాడు, క్లాసులో నోరు విప్పేవాడు కాదు. వాళ్ళ నాన్న పారేసిన కొమ్ము ముక్కని అరగదీసి కొంగని చేసి తెచ్చాడు. ఇంకో పిల్లకి లెక్కలంటే ఏడుపు. అదే పిల్ల సంతలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చిల్లర పైసా తప్పకుండా ఇస్తుంటే నేనే చూశాను. ఆ ఏడు దాని చేత స్టేజీ మీద సంత పెట్టించాం. ముఖ్య అతిథిగా వచ్చిన ఆఫీసరు గారు వంకాయలు బేరం ఆడి ఓడిపోయారు. ఆయన ఉపన్యాసం ఎవరికీ గుర్తు లేదు, ఆ బేరం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలా చూసినవన్నీ పేరు పేరునా ఒక నోటుబుక్కులో రాసుకో. ఏ పేరు ఎదురుగా ఖాళీ ఉందో ఆ పిల్లని ఇంకో రెండు రోజులు చూడు. ఖాళీ ఉందంటే తప్పు మన చూపుది.

కొండ ఊళ్ళ నుంచి వచ్చే సవర గిరిజన పిల్లల విషయంలో నేను చేసిన పని చెప్తాను, నువ్వు చెయ్యకు. ఒక సంవత్సరం "గిరిజన నృత్యం" అని పేరు పెట్టి, బరంపురం నుంచి అద్దెకి తెచ్చిన ఆకుల బట్టలూ ఈకలూ కట్టించాను. జనం ఈలలు వేశారు. ఒక కుర్రాడి తండ్రి, కొండ దిగి నడిచి వచ్చినవాడు, మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. తరువాత సంతలో కనిపిస్తే అడిగాను. "మా ఊళ్ళో ఇలాంటి బట్టలు ఎవరూ కట్టరమ్మా" అన్నాడు, అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాళ్ళ పాట కావాలంటే వాళ్ళ అమ్మలనే అడుగు. కొన్ని పాటలు పెళ్ళివి, కొన్ని చావు పనులకి పాడేవి. స్టేజీకి ఏది తగునో వాళ్ళే చెప్తారు. గోడ మీద బొమ్మలు కూడా అంతే, పూజ కోసం వేసేవి ఉంటాయి. ఈ ఊరి రాజావారి బళ్ళో చదువు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు నూరేళ్ళకి ముందే సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. మన మైకులో ఆ భాష ఒక్క ముక్కైనా వినిపించకపోతే సిగ్గుచేటు.

మైకు అంటే గుర్తొచ్చింది. పేర్లు చదివే పని పెద్దవాళ్ళకి ఇవ్వకు. ఒడియా రాతలోంచి చదివితే మన అప్పలరాజు ఒప్పొలొరాజు అవుతాడు, వాళ్ళమ్మకి తన కొడుకునే పిలిచారని తెలియక చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇద్దరు పిల్లల్ని పెట్టు, ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో చెప్తారు. సర్టిఫికెట్టు మీద పేరు ఎలా రాయాలో ఇంటివాళ్ళనే అడిగి రాయి.

టైము మధ్యాహ్నం రెండున్నరకి పెట్టు. అప్పటికి వరి కోతలు ఉంటాయి, పొద్దున్న పెడితే తల్లులు రాలేరు. నాలుగున్నరకల్లా ముగించు, ఆ రోజుల్లో ఐదుంపావుకే పొద్దు గూకిపోతుంది, కొండ ఊళ్ళ పిల్లలు నడిచి వెళ్ళాలి. ఉపన్యాసాలు రెండు చాలు, అవి కూడా పిల్లల ఆటపాటలు అయ్యాకే. ముందు పెడితే చిన్నవాళ్ళు నిద్రపోతారు, పెద్దవాళ్ళు గోడ దూకుతారు.

సినిమా పాటకి డాన్సు చేస్తామంటే చెయ్యనియ్, నాకేం కోపం లేదు. కానీ అద్దె డ్రెస్సు వద్దు. ఆ డబ్బు తేలేని పిల్లలు కడుపు నొప్పి అని ఆ రోజు బడి మానేస్తారు.

షామియానా కోసం అప్పు చెయ్యకు. 2018లో అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. నెల తిరిగేసరికి బాలల దినోత్సవం, మా బడి మీద సగం రేకులు లేవు. విరిగిన మామిడి కొమ్మలు తెచ్చి పిల్లలే పందిరి వేశారు. తాళ్ళు ముడి వెయ్యడం ఎవరికి వచ్చో ఆ రోజే తెలిసింది నాకు.

మైకు సెట్టు అబ్బాయికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు జనరేటరు సంగతి అడుగు. వంట చేసే అమ్మలని ముందు వరసలో కూర్చోబెట్టు. నేను పొద్దుటి బస్సుకే కాశీనగరంలో మీ బడికి వచ్చేస్తాను, పిల్లలకి కొబ్బరి ఉండలు తెస్తాను. శాలువా, పూలదండ అంటూ నన్ను మాత్రం స్టేజీ ఎక్కించకు, వెనక్కి తిరిగి వచ్చేస్తాను.

నీ అత్త