Re: వెనిస్‌లో రెస్టారెంట్ దొరకట్లేదు, అడ్రసులో "కన్నరేజో" అని, నాలుగంకెల నంబరే ఉంది

మీ అడ్రసు తప్పు కాదండీ. వెనిస్‌లో నంబర్లు వీధికి కాదు, పేటకి. ఊరు మొత్తం ఆరు పేటలు, కన్నరేజో అందులో ఒకటి. నంబర్లు పేటంతా సందుల వెంట చుట్టుకుంటూ పోతాయి కాబట్టి పక్క నంబరు పక్క సందులోనే ఉంటుందన్న భరోసా లేదు.

అందుకని రెస్టారెంటుకి ఫోన్ చేసి మూడు అడగండి: సందు పేరు, దగ్గరున్న చర్చి లేదా మైదానం ('కాంపో' అంటారు), దగ్గరి వపొరెట్టో (బస్సులా తిరిగే పడవ) స్టాప్. సందు పేరొక్కటే చాలదు, 'కాలె దెల్ ఫోర్నో' లాంటివి ఊళ్లో చాలా ఉన్నాయి.

స్టాప్ 'కా దోరో' అంటే 1వ నంబరు పడవెక్కండి. దిగి సందులోంచి నేరుగా లోపలికి నడిస్తే వెడల్పైన స్ట్రాడా నోవా వీధి వస్తుంది. అక్కణ్ణుంచి గోడల మీద తెల్ల సున్నపు పలకపై నల్లక్షరాలతో రాసిన సందు పేర్లు చూసుకుంటూ వెళ్లండి.

ఎత్తైన గోడల మధ్య జీపీఎస్ నీలిచుక్క పక్క సందులోకి దూకుతుంది, దాన్ని నమ్మితే కాలువ అంచుకే చేరతారు. 'కోర్తె' (ఇళ్ల మధ్య ఆవరణ) అని రాసుంటే చాలాసార్లు దారి అక్కడితో సరి, వెనక్కి తిరగాల్సిందే. ఊరి మధ్యలోంచి పోయే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీద వంతెనలు నాలుగే, ఏ ఒడ్డో ముందే చూసుకోండి. బుకింగ్ ఉంటే ఇరవై నిమిషాలు ముందే బయల్దేరండి.