బీరువాలో పెట్టిన ఫోన్లు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 38. మావారికి బట్టల కొట్టు ఉంది. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగో తరగతి. పాపకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కిందటి నెల ఒక సాయంత్రం అత్తయ్యగారు మంచినీళ్ల కోసం మూడుసార్లు పిలిచారట. నేను పక్క గదిలోనే రీల్స్ చూస్తున్నాను, వినపడలేదు. ఆవిడే గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. చెంబు కిందపడిన చప్పుడుకి పరిగెత్తాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నన్ను తినేస్తోంది. ఆదివారాలు ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేద్దామన్నారు మావారు. మొదటి ఆదివారం పదింటికే బాబుతో గొడవ. రెండో ఆదివారం టెక్కలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఒంట్లో బాగోలేక చేసిందని సాయంత్రం దాకా తెలియలేదు. ఇక నావల్ల కాదనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి

జవాబు: ముందు అత్తగారి దగ్గరకెళ్లి, “ఆ రోజు ఫోన్లో పడిపోయాను అత్తయ్యా, మీరు పిలిచింది వినపడలేదు, తప్పు నాదే” అని చెప్పండి. ఈ మాట ఇంకా చెప్పి ఉండరని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. ఆవిడంటే లెక్కలేక అలా జరగలేదని నాకు తెలుసు. కళ్లు ఒకదానిలో పూర్తిగా మునిగిపోతే పక్కనే వినిపించే శబ్దాన్ని కూడా మెదడు పట్టించుకోదు. అది మీకు ఎంత తెలిసినా, ఆవిడకు చెబితేనే కదా తెలిసేది.

ఇక బీరువా సంగతి. ఫోన్‌తో మీ ఇంట్లో రెండు పనులున్నాయి. ఒకటి మోగే ఫోన్, ఇంకోటి చూసే ఫోన్. 1936లో మీ ఊరు ఒడిశాలో కలిసింది, మీ పుట్టిల్లు ఇవతల ఉండిపోయింది. అమ్మ గొంతు, అన్నదమ్ముల కబుర్లు, ఊరి వార్తలు మీకు ఆ ఫోన్లోనే అందుతున్నాయి. తాళం వేస్తే రీల్స్‌తో పాటు అమ్మ కూడా లోపలే ఉండిపోయింది. అందుకే మీకు ప్రాణం ఒప్పలేదు. ఫోన్‌ని హాల్లో గూట్లో పెట్టండి. డేటా ఆపేయండి, రింగు మాత్రం గట్టిగా పెట్టండి. అమ్మ చేస్తే మోగుతుంది, లేచి వెళ్లి మాట్లాడతారు.

వారానికో రోజంతా ఉపవాసం కన్నా రోజూ గంటో గంటన్నరో ఆపడం తేలిక. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊరుంది. అక్కడ 2022లో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే గంటన్నర పాటు టీవీలు, ఫోన్లు ఆపేయడం మొదలుపెట్టారు. ఊరంతా ఒకేసారి ఆపితే “నా ఒక్కడికేనా?” అని ఏ పిల్లాడూ అడగలేడు. మీ ఇంట్లో సైరన్ అక్కర్లేదు, దీపం పెట్టే వేళ చాలు.

అయితే మొదటి వారం ఎవరికీ ఏమీ చెప్పకండి, మీ ఫోన్ ఒక్కటే గూట్లో పెట్టండి. పదిహేనేళ్ల పిల్లాడు మన మాట వినడు కానీ మనల్ని గమనిస్తూనే ఉంటాడు. మీ చేయి పదిసార్లు గూటి వైపు పోతుంది, చిరాకేస్తుంది. వేలితో తోసిన ప్రతిసారీ తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడమే రీల్స్‌లో ఉన్న లాగుడు. ఆ అలవాటు ఒక్క రోజులో పోదు, కంగారు పడకండి. రెండో వారం బాబుని కూడా ఫోన్ గూట్లో పెట్టమని అడగండి. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుంటే ఏడు లోపే నోట్సులో రాసుకోమనండి. మీవారి ఫోన్లో కొట్టు డబ్బులు పడుతుంటాయి కాబట్టి ఆయన్ని ఏడింటికి ఆపమనడం న్యాయం కాదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నప్పటి నుంచి భోజనం అయ్యేదాకా ఆపితే చాలు.

రాత్రి ఛార్జర్లన్నీ హాల్లోనే ఉండాలి. పొద్దున్నే లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కోండి.

ఖాళీ అయిన ఆ గంటన్నరలో ఏదో ఒకటి పెట్టకపోతే మళ్లీ ఫోనే వచ్చి కూర్చుంటుంది. అత్తగారికి తెలుగు చదవడం వస్తే పాపకు అక్షరాలు దిద్దించే పని ఆవిడకు అప్పగించండి, రాకపోతే మీరే ఆవిడ మంచం పక్కన కూర్చుని నేర్పండి. మనం మాట్లాడే తెలుగునే రాయాలని గిడుగు రామమూర్తిగారు పట్టుబట్టింది మీ ఊళ్లో పంతులుగా పనిచేసిన మనిషిగానే. ఆ ఊరి పిల్లకి తెలుగు చదవడం రాదంటే నాకు మనసు కలుక్కుమంది. కూర్చునే ముందు మంచినీళ్ల చెంబు ఆవిడ చేతికందేలా పెట్టడం మరిచిపోకండి.

ఫోన్ లేకపోతే బాబు తిండి మానేయడం, రాత్రులు నిద్రపోకపోవడం, వస్తువులు విసిరేయడం లాంటివి చేస్తుంటే మాత్రం ఇంటి వైద్యంతో సరిపెట్టకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులేమీ ఉండవు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, బాబు తనకు ఏది హాయిగా ఉంటే అందులో చెప్పుకుంటాడు.

నెల తర్వాత ఎలా ఉందో రాయండి. ఉత్తరం చివర పాప చేత తన పేరు తెలుగులో రాయించి పంపండి.