పేగుపూత ఉన్న తమ్ముడికి ఎన్నాళ్లీ పెరుగన్నం?

మీ తమ్ముడికి 24 ఏళ్లకే అల్సరేటివ్ కొలైటిస్ అని కొలనోస్కోపీలో (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలో) తేలిందని, మందులతో రక్తం ఆగినా అమ్మ భయపడి మూడు పూటలా పెరుగన్నమే పెడుతోందని, పిల్లాడు చిక్కి సగమయ్యాడని రాశారు. పత్యం ఎన్నాళ్లు, మందులు జీవితాంతం వాడాలా, హైదరాబాద్‌లో ఉద్యోగం మాన్పించాలా, రేపు పెళ్లి సంగతేంటి అని అడిగారు. నాకూ ఇదే జబ్బు. చాలా ఏళ్లుగా దీన్ని వెంటపెట్టుకునే బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఏ మందు ఎంత వాడాలో డాక్టరు చెప్పాలి. ఇంట్లో, బయట ఎలా నెట్టుకురావాలో నేను చెప్పగలను.

ముందు అమ్మగారికి ఈ మాట చెప్పండి. కారం తిన్నందుకో, బయట బిర్యానీ తిన్నందుకో వచ్చిన జబ్బు కాదిది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది, అక్కడ పుండ్లు పడతాయి. అందుకే పత్యంతో ఇది పోదు. జబ్బు తిరగబెట్టినప్పుడు పేగుకు కాస్త తేలికగా ఉండాలనే ఆ తిండి. ఆ రోజుల్లో నేను మెత్తగా ఉడికిన అన్నం, పప్పుకట్టు, ఇడ్లీ, గింజలు తీసేసిన సొరకాయ కూర, ఉడికించిన గుడ్డు, అరటిపండు తింటాను. పచ్చి ఉల్లిపాయ, జొన్నరొట్టె, శనగలు, పచ్చికొబ్బరి జోలికి పోను. కారం కూడా అప్పుడు పడదు.

నెమ్మదించాక మాత్రం ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెట్టాలి. నాకు గోంగూర అంటే ప్రాణం. మా అత్తయ్య కాడలన్నీ ఏరేసి, ఆకు ఒక్కటే పప్పులో వేసి గరిటెతో బాగా మెదిపి, మొదటిరోజు అన్నంలో రెండు చెంచాలే వేసేది. పొట్ట ఏమీ అనకపోతే మరో రెండు రోజులకు ఇంకాస్త. మీ తమ్ముడికీ అలాగే చేయండి. ఏది తిన్నాడో, ఆ రోజు ఎన్నిసార్లు వెళ్లాడో ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. కొన్ని వారాలు రాస్తే తనకు పడనివేవో తేలిపోతాయి. ఒకరికి పాలు పడవు, ఇంకొకరికి గోధుమ. నాకు పడనివి అతనికి పడొచ్చు. ఒకరి లిస్టు చూసి ఇంకొకరు తిండి మానేయడం నాకు అస్సలు నచ్చదు.

అతను చిక్కిపోవడం చిన్న విషయం కాదు. పుండ్ల గుండా రక్తం, మాంసకృత్తులు పోతుంటే ఒట్టి పెరుగన్నంతో ఒళ్లు ఎలా కోలుకుంటుంది? గుడ్డు, చేప, చికెన్, పప్పు ఏదో ఒకటి రోజూ ఉండాలి. ఎప్పుడూ నీరసంగా ఉంటున్నాడంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూపించండి. ఐరన్ మాత్రలు పొట్టకు పడకపోతే నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంటుంది, అడగండి.

ఇక మందులు. మీ ఇంట్లో కంచం మీద ఉన్న కాపలా మందుల మీదికి మారాలని నా కోరిక. రక్తం ఆగిందంటే జబ్బు అణిగిందని, పోయిందని కాదు. బాగానే ఉన్నాను కదా అని, పేగు వాపును అణిచే మెసలమీన్ ఆపేసినవాళ్లకు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. పైకి బాగున్నా లోపల వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది. గ్రాముకు 150 మైక్రోగ్రాముల లోపు ఉంటే మా డాక్టరు గారు ధైర్యం చెబుతారు. ప్రతిసారీ కొలనోస్కోపీ అక్కర్లేకుండా చాలావరకు దీంతోనే నడుస్తుంది. మెసలమీన్ వాడుతున్నంత కాలం అప్పుడప్పుడు క్రియాటినిన్ కూడా చూపించాలి, అరుదుగా కిడ్నీల మీద ప్రభావం ఉంటుంది కాబట్టి.

మలద్వారంలో పెట్టుకునే బిళ్ల (సపోజిటరీ) గానీ, అక్కడి నుంచే లోపలికి ఎక్కించే ద్రవ మందు (ఎనిమా) గానీ రాశారా? సిగ్గుపడి చాలామంది వాడకుండా పక్కన పెట్టేస్తారు. ఈ జబ్బు మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. కింది భాగంలో ఉన్న పూతకు మందు నేరుగా అక్కడికే చేరడం కన్నా మంచి దారి లేదు. రాత్రి పడుకునే ముందు బాత్రూంకి వెళ్లొచ్చి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఎనిమా తీసుకుని, కనీసం అరగంట అలాగే ఉండాలి. కింద పాత దుప్పటి వేసుకోమనండి, ఆ మందు మరక ఉతికినా పోదు. సపోజిటరీలు మన ఎండలకు మెత్తబడిపోతాయి, ఇంట్లో చల్లటి చోట పెట్టాలి. మగపిల్లాడు ఇవన్నీ అక్కతో మాట్లాడడు. ఈ పేరా వాట్సాప్‌లో పంపించి ఊరుకోండి, చదువుకుంటాడు.

స్టెరాయిడ్ నడుస్తుంటే మొహం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, ఆకలి రేగుతుంది. అది చూసి హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. రోగనిరోధక వ్యవస్థను అణిచే అజాథయోప్రిన్ మొదలుపెడితే రక్తకణాల పరీక్ష తప్పించొద్దు. మన ఆసియా వాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా వల్ల తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మొదలుపెట్టే ముందే ఆ జన్యు పరీక్ష చేయించవచ్చు.

ఇంకోటి, నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొందరిలో జబ్బును రేపుతాయి. ఊళ్లో నడుంనొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గర వేసే ఇంజెక్షన్ తరచూ డైక్లోఫెనాకే. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ పారాసిటమాల్ చాలు.

ఉద్యోగం మాన్పించకండి. ఇంట్లో కూర్చుంటే రోజంతా పొట్ట గురించే ఆలోచన. టెన్షన్ వల్ల ఈ జబ్బు పుట్టదు గానీ ఉన్న బాధను పెంచుతుంది, నిద్ర చెడినా అంతే. ఆఫీసులో ఒక్కరికైనా విషయం తెలిసి ఉండాలి, సీటు బాత్రూంకి దగ్గరగా అడిగి వేయించుకోవాలి. నేను మా హెచ్‌ఎం గారికి నేరుగా చెప్పాను. మొదటి పీరియడ్ నాకు వేయరు, నేను మధ్యలో లేచి వెళ్తే పక్క గది టీచరు రెండు తరగతులూ చూసుకుంటుంది. చాలామందికి లాగే నాకూ పొద్దున పూటే ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, అందుకని ముందే లేస్తాను. బ్యాగులో ఒక జత లోదుస్తులు, నీళ్ల సీసా, టిష్యూలు, ముడి వేయడానికి ఒక కవరు ఎప్పుడూ ఉంటాయి. వాటి అవసరం పడినా పడకపోయినా, ఉన్నాయన్న ధైర్యంతోనే సగం కంగారు తగ్గుతుంది. దూరం వెళ్లాలంటే బస్సు కన్నా రైలు ఎక్కమనండి.

పెళ్లి నిశ్చింతగా చేసుకోవచ్చు, దాచకుండా చెప్పి చేసుకోవాలి. పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కన్నా కొంచెం ఎక్కువే అయినా, చాలామంది పిల్లలకు రాదు. అతను ఈ జబ్బుకే ఇచ్చే సల్ఫాసలజీన్ అనే మందు వాడుతుంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పండి. దానివల్ల మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి. మందు మారిస్తే మళ్లీ మామూలవుతాయి.

రోజుకు ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు రక్తంతో విరేచనాలు అవుతూ, జ్వరం గానీ గుండెదడ గానీ ఉంటే అది ఇంట్లో చూసుకునే పరిస్థితి కాదు. పొట్ట ఉబ్బి నొప్పి పెడుతున్నా అంతే. విరేచనాలు ఆగే మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు, ఆ సమయంలో లోపెరమైడ్ లాంటి ఆ మాత్రలు ప్రమాదం. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రిపోర్టుల ఫైలు వెంట ఉండాలి.

కొలనోస్కోపీ రిపోర్టులో పూత ఎంత దూరం ఉందని రాశారో, ఇప్పుడు ఏయే మందులు నడుస్తున్నాయో కింద రాయండి. పూత మలాశయంలో మాత్రమే ఉన్నవాళ్లకూ పెద్దపేగంతా ఉన్నవాళ్లకూ చూసుకోవాల్సినవి వేరు. ఎక్కువ భాగంలో ఉన్నవాళ్లు, జబ్బు మొదలైన ఎనిమిదేళ్ల నుంచి క్యాన్సర్ కోసం క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ వివరం తెలిస్తే మిగతాది చెబుతాను.