మొక్కలు నాటడానికి డిగ్రీ ఎందుకని అడిగారు కదా

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజనీరింగ్ వద్దు, ఊళ్లలో పార్కులు, చెట్లు ప్లాన్ చేసే చదువు చదువుతానంటోంది. మొక్కలు నాటడానికి డిగ్రీ ఎందుకండీ? ఉద్యోగాలు వస్తాయా? ఎండల్లో తిరగాలేమోనని వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్.

జవాబు: మొక్క నాటడానికి డిగ్రీ అక్కర్లేదమ్మా. ఏ మొక్క ఎక్కడ నాటితే ఇరవై ఏళ్ల తర్వాత కూడా బతికుంటుందో చెప్పడానికి మాత్రం కావాలి.

ఇదివరకు పార్కు అంటే చుట్టూ గోడ, మధ్యలో లాన్, ఒక ఫౌంటెన్, నాలుగు బెంచీలు. ఇప్పుడు అలా కుదరదు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు, ఎండ మనకి కొత్త కాదు, కానీ ఊరంతా సిమెంటు, తారు అయ్యాక అవి పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతుంటే డాబా మీద పడుకునే రోజులే పోయాయి. ఆ వేడికి లాన్ చేసేది తక్కువ, పైగా వేసవిలో దానికి రోజూ నీళ్లు పట్టాలి. అదే కానుగో వేపో అయితే నీడ ఇస్తుంది, ఆకుల నుంచి ఆవిరయ్యే నీటితో చుట్టూ గాలినీ కాస్త చల్లబరుస్తుంది. త్వరగా పెరుగుతుందని డివైడర్ల మీద వరసగా పెట్టిన కోనోకార్పస్ సంగతి వినే ఉంటారు. పచ్చగానే ఉంటుంది, కానీ వేర్లు పైపుల్లోకి పోతున్నాయని, పుప్పొడితో ఎలర్జీలని గొడవలయ్యాయి, గుజరాత్ 2023లో నిషేధించేసింది. పెట్టేముందే ఈ సంగతులు ఆలోచించే మనిషి ఒకరుండాలి కదా, మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనే.

ఇక వాన. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అంత వరదని పార్కులు ఆపేస్తాయని నేను చెప్పను, ఎవరైనా చెబితే మీరు నమ్మొద్దు. కానీ గంటసేపు దంచికొట్టిన వానకే రోడ్లు చెరువులయ్యే చోట పార్కు చాలా సాయం చేస్తుంది, దాన్ని రోడ్డు కంటే పల్లంగా కడితేనే. మనవాళ్లేమో మట్టి తోలి ఎత్తు చేసి మరీ కడతారు, ఆ నీళ్లూ రోడ్డు మీదకే! పోనీ పల్లంగా కట్టేస్తే అయిపోయిందా అంటే, గుంటూరు వైపు నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు. ఎన్ని గంటలు నిలబడతాయి, అంతసేపు ఏ చెట్టు తట్టుకుంటుంది, మిగిలినవి ఏ కాలవలోకి పంపాలి, ఇదంతా లెక్క. సింగపూర్ బిషాన్ పార్కులో కాంక్రీటు కాలవని తీసేసి మళ్లీ వాగులా చేశారు, 2012లో తెరిచారు. మామూలు రోజుల్లో ఆ ఒడ్డున జనం తిరుగుతారు, పెద్ద వానొస్తే ఆ గడ్డి నేల మీదకే వాగు పరుచుకుంటుంది. ఇదంతా లెక్కలతో పనే, అందుకే అమ్మాయి చదివిన ఎంపీసీ ఎక్కడికీ పోదు.

చదువు సంగతి. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో పెట్టిన కేంద్ర సంస్థ. బీప్లాన్ అంటే ప్లానింగ్ డిగ్రీ, నాలుగేళ్లు. బీఆర్క్ అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, అయిదేళ్లు. రెండిటికీ జేఈఈ మెయిన్ రాయాలి, కానీ అందరూ రాసే పేపర్ 1 కాదు. బీఆర్క్‌కి 2ఏ, అందులో డ్రాయింగ్ ఉంటుంది. బీప్లాన్‌కి 2బి, డ్రాయింగ్ ఉండదు. ఏటా ఎవరో ఒకరు అప్లికేషన్‌లో ఈ పేపర్లు టిక్ చేయకుండా వదిలేసి, కౌన్సెలింగ్ టైములో నా దగ్గరికి వచ్చి బాధపడతారు. కాలేజీవాళ్లే నింపుతారులే అని ఊరుకోకండి, పక్కన కూర్చుని నింపించండి.

రెండిట్లో ఏది? ఒక్క పార్కునే తీసుకుని బెంచీ దగ్గర నుంచి గీయాలని ఉంటే బీఆర్క్, తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో ఎంఆర్క్. బీఆర్క్ చేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కానిదే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఊరు మొత్తంలో చెట్లు ఎక్కడ తక్కువ, నీళ్లు ఎటు పోతున్నాయి అని మ్యాపు మీద చూడటం ఇష్టమైతే బీప్లాన్, ఆపైన పర్యావరణ ప్లానింగ్‌లో ఎంప్లాన్. నాకైతే రెండోదే ఈ పనికి దగ్గరనిపిస్తుంది. ఇప్పటినుంచే క్యూజీఐఎస్ అని మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, ఉచితమే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం డేటా కూడా ఉచితమే, ఊళ్లో ఏ పేట ఎక్కువ కాలుతోందో తనే మ్యాపు వేసి చూసుకోవచ్చు. నెల రోజుల్లో విసుగొస్తే ఈ దారి తనది కాదని అప్పుడే తెలిసిపోతుంది, నాలుగేళ్లు పోగొట్టుకోనక్కర్లేదు.

ఉద్యోగాల గురించి ఉన్నమాట చెబుతాను. ప్రభుత్వంలో టౌన్ ప్లానింగ్ పోస్టులు ఉన్నాయి, కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్రైవేటు కన్సల్టెన్సీలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఎక్కువ. మొదటి జీతం పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి జీతంతో పోలిస్తే తక్కువే ఉంటుంది, చుట్టాలు ఆ మాట అంటారు కూడా, మీరు దానికి సిద్ధంగా ఉండండి.

ఎండలో తిరగాలా అంటే, తిరగాలి. సర్వేకి, సైట్‌కి వెళ్లక తప్పదు. మిగతా రోజులు కంప్యూటర్ ముందే. అసలు ఎండలో నిలబడి చూడనివాళ్లు గీసిన పార్కుల్లోనే కదా మధ్యాహ్నం బెంచీ మీద కూర్చుంటే ఒళ్లు కాలేది, వాళ్ల నాన్నగారితో ఈ మాట నేనన్నానని చెప్పండి.